‘ఇసొంటి పిల్లలకు మత్తు పడదు’ అన్నారు, ఆపరేషన్ చేయించాలా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఒక ఊరు. మా పాపకు ఐదేళ్ళు. డౌన్ సిండ్రోమ్ ఉంది. ఏడాదిన్నర వయసులో గుండెకు రంధ్రం ఉంటే హైదరాబాద్‌లో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేశారు. ఇప్పుడు రాత్రిపూట గట్టిగా గురక పెడుతోంది. మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తోంది. హనుమకొండలో ఈఎన్‌టీ డాక్టర్ చూసి టాన్సిల్స్, ముక్కు వెనకుండే అడినాయిడ్స్ తీసేయాలన్నారు. తీరా ఆపరేషన్ రోజు పొద్దున మా అత్తమ్మ తెలియక పాపకు ఒక బిస్కెట్ పెట్టింది. ఆ మాట చెప్పగానే వాయిదా వేశారు. ఒక్క బిస్కెట్టుకే ఆపాలా? ఇప్పుడు మత్తు డాక్టర్ మళ్ళీ టూ డీ ఎకో, థైరాయిడ్ పరీక్ష చేయించుకొని రమ్మన్నారు, పిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రిలోనే చేద్దామంటున్నారు. ఇదంతా డబ్బుల కోసమేనా అని మా ఆయనకు అనుమానం. మా ఊరి ఆర్‌ఎంపీ ‘ఇసొంటి పిల్లలకు మత్తు పడదు’ అన్నాడు. ‘మత్తు సూదితోని పిల్ల ఇంకింత మందమైతది’ అని అత్తమ్మ ఏడుస్తోంది. నాకు రాత్రిళ్ళు నిద్ర లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, చేయించండి. కాకపోతే ఆ పరీక్షలు అయ్యాక, మీ మత్తు డాక్టర్ చెప్పినటువంటి చోటే చేయించండి. ఆమె అడిగిన వాటిలో అనవసరమైనది నాకు ఒక్కటీ కనబడలేదు. మీ చోట నా సొంత మేనకోడలు ఉన్నా అవే రాసిచ్చేదాన్ని. మీ ఆయన అనుమానం తప్పని అనను. ఆసుపత్రుల్లో తిరిగినవాళ్ళకు ఆ అనుమానం ఊరికే రాదు. అందుకే ఏ పరీక్ష ఎందుకో విడమరిచి చెప్తాను, ఆయనకు కూడా చదివి వినిపించండి.

ముందు ఆర్‌ఎంపీ మాట సంగతి. పెన్సిలిన్ పడనివాళ్ళు ఉన్నట్టు డౌన్ సిండ్రోమ్ పిల్లలకు మత్తు పడకపోవడం అనేది లేదు. మీ పాపకు గుండె ఆపరేషన్ అప్పుడు గంటలకొద్దీ మత్తు ఇచ్చే ఉంటారు. ఆ బిడ్డ తట్టుకొని, లేచి, ఇవాళ మీ ఇంట్లో తిరుగుతోంది. అంతకన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలి? ఈ పిల్లల్లో 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉంటాయి. దానివల్ల గుండె, గొంతు, మెడ ఎముకలు, థైరాయిడ్, కండరాల బిగువు మిగతా పిల్లల్లో ఉన్నట్టు ఉండవు. మత్తు ఇచ్చేటప్పుడు మేం చేతులు పెట్టేది, కళ్ళు పెట్టేది సరిగ్గా ఈ చోట్లే. కాబట్టి ముందుగా తెలుసుకొని సిద్ధపడాలి. తెలియకుండా ఇస్తే మాత్రం ప్రమాదమే.

ఆ గుండె ఆపరేషన్ కాగితాలు ఉన్నాయా మీ దగ్గర? బీరువాలో ఏ ప్లాస్టిక్ కవర్లోనో ఉంటాయి, వెతకండి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే చాలదు. మత్తు ఇచ్చినప్పటి షీటు దొరికితే మాకు అది బంగారం. ఏ సైజు ట్యూబు పట్టింది, గొంతులో వేయడం కష్టమైందా, నరం దొరకడానికి ఎంతసేపు పట్టింది, వెంటిలేటర్ మీద ఎన్ని రోజులు ఉంచారు, ఇవన్నీ అందులో ఉంటాయి. లేకపోతే ఆ ఆసుపత్రి రికార్డుల సెక్షన్‌లో పాప పేరు, ఐపీ నంబర్ ఇచ్చి అడగండి. చాలాచోట్ల జిరాక్స్ ఇస్తారు.

ఇక టూ డీ ఎకో, అంటే గుండె స్కానింగ్. రంధ్రం మూసేశారు కదా, మళ్ళీ ఎందుకు అని మీకు అనిపిస్తుంది. మూసిన ప్యాచ్ పక్కన సన్నటి లీకు మిగిలి ఉండొచ్చు. కవాటం కారుతూ ఉండొచ్చు. అన్నిటికన్నా నేను మొదట వెతికేది ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఎంత ఉందన్నది. రంధ్రం ఉన్న ఆ ఏడాదిన్నర పాటు పాప ఊపిరితిత్తులకు ఉండాల్సినదానికన్నా ఎక్కువ రక్తం వెళ్ళింది. డౌన్ పిల్లల్లో ఈ ఒత్తిడి మిగతా పిల్లలకన్నా త్వరగా పెరుగుతుంది. ఆపరేషన్ తర్వాత తగ్గే ఉండొచ్చు. కానీ ఇప్పుడు రాత్రంతా గురకతో ఆక్సిజన్ పడిపోతూ ఉంటే, అదే ఒత్తిడి మరో దారిన మళ్ళీ మొదలవుతుంది. ఒత్తిడి ఎక్కువగా ఉన్న బిడ్డకు మత్తులో కాసేపు గాలి సరిగా అందకపోయినా గుండె కుడి భాగం మీద భారం పడుతుంది, బీపీ పడిపోతుంది. ముందే తెలిస్తే మందుల ఎంపిక మారుతుంది, చోటు మారుతుంది, కొన్నిసార్లు ముందు కొన్నాళ్ళు మందులు వాడి తర్వాత ఆపరేషన్ చేస్తాం. లీకు మిగిలి ఉందా లేదా అన్నదాన్ని బట్టే ఆపరేషన్‌కు ముందు యాంటీబయాటిక్ డోసు అవసరమా అన్నది కూడా తేలుతుంది. ఎకోతోపాటు ఈసీజీ కూడా తీయించండి. రంధ్రం మూసేచోటికి దగ్గరగానే గుండె కరెంటు దారి వెళ్తుంది, అక్కడ ఏమైనా తేడా ఉంటే అందులో తెలుస్తుంది.

ఈ ముక్క మీ అత్తమ్మగారికి చెప్పండి. ఆపరేషన్ మానేస్తే బిడ్డ క్షేమంగా ఉన్నట్టు కాదు. పెద్దవైన టాన్సిల్స్, వెనక్కి జారే నాలుక, సన్నటి గొంతు, వదులు కండరాలు కలిసి రాత్రికి ఎన్నోసార్లు ఊపిరి అడ్డగిస్తున్నాయి. నిద్ర చాలని బిడ్డ పగలు చిరాకుగా ఉంటుంది, నేర్చుకున్నది నిలవదు, గుండె మీద భారం పెరుగుతుంది. మత్తుతో మందమవుతుందేమో అని భయపడుతున్న ఇంట్లోనే, రోజూ రాత్రి ఆక్సిజన్ తగ్గి మెదడు అలిసిపోతున్న సంగతి ఎవరికీ కనబడటం లేదు.

ఈ రాత్రే ఒక పని చేయండి. పాప గాఢంగా నిద్రపోయాక, గురక గట్టిగా ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి, ఛాతీ, మెడ, నోరు కనబడేలా ఫోన్లో రెండు నిమిషాలు వీడియో తీయండి. డొక్కలు లోపలికి పోతున్నాయా, ఊపిరి ఆగి మళ్ళీ గుక్కపట్టినట్టు వస్తోందా, పాప కూర్చుని ముందుకు వంగి పడుకుంటోందా, అన్నీ అందులో తెలుస్తాయి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం డౌన్ పిల్లలందరికీ నాలుగేళ్ళు నిండేలోపు ఒకసారి నిద్ర పరీక్ష చేయించమంటుంది. మన దగ్గర అది అందరికీ అందదు. అందనిచోట ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంచి ఆక్సిజన్ రికార్డు చేసినా చాలావరకు అంచనా దొరుకుతుంది. కరోనా టైంలో కొన్న ఆక్సీమీటర్ వేలికి పెట్టి చూస్తున్నారేమో, అది పెద్దవాళ్ళ వేలికి చేసింది. ఐదేళ్ళ పిల్ల వేలికి సరిగా కూర్చోదు, ఆ అంకెల్ని నమ్ముకొని భయపడొద్దు, ధైర్యపడొద్దు.

రాత్రిళ్ళు ఆక్సిజన్ బాగా పడిపోతున్న పిల్లలు నొప్పికి ఇచ్చే మార్ఫిన్ జాతి మందులకు తొందరగా లొంగిపోతారు. మామూలు డోసే వాళ్ళకు ఎక్కువైపోతుంది. అందుకే మేం సగానికి సగం తగ్గిస్తాం, పారాసిటమాల్ లాంటి వాటి మీద ఎక్కువ ఆధారపడతాం, ఆ రాత్రంతా మానిటర్ మీద ఉంచుతాం. పిల్లల ఐసీయూ ఉండాలని మీ డాక్టర్ అన్నది ఇందుకు. పొద్దున చేసి సాయంత్రం పంపించేసే కేసు కాదు ఇది.

థైరాయిడ్ ఎందుకంటే, ఈ పిల్లల్లో అది తక్కువగా ఉండటం సాధారణం. ఏడాదికోసారి ఎలాగూ చూడాల్సిందే. తక్కువున్న సంగతి తెలియక మత్తు ఇస్తే లేవడం ఆలస్యమవుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది, గుండె నెమ్మదిస్తుంది. కాస్త రక్తం తీసి పరీక్షిస్తే తేలిపోయే విషయం.

మెడ గురించి మీరు రాయలేదు, మీ డాక్టర్ అడిగారో లేదో తెలియదు. డౌన్ పిల్లల్లో కీళ్ళను పట్టి ఉంచే నరాల్లాంటి కట్లు వదులుగా ఉంటాయి. పుర్రె కింద మొదటి రెండు వెన్నెముకల మధ్య ఆ వదులు కొంతమందిలో ఎక్కువగా ఉంటుంది. ఎక్స్‌రేలో అలా కనబడేవాళ్ళు నూటికి 10 నుంచి 20 మంది దాకా ఉంటే, దానివల్ల నిజంగా ఇబ్బంది పడేవాళ్ళు ఒకరో ఇద్దరో. టాన్సిల్స్ ఆపరేషన్‌లో భుజాల కింద దిండు పెట్టి, తల బాగా వెనక్కి వంచి, నోరు తెరిచి పెట్టడం ఈఎన్‌టీ డాక్టర్లకు అలవాటు. మీ పాప విషయంలో ఆ వంపు తగ్గించాలి. మత్తులో ఉన్న మనిషికి కండరాల కాపలా ఉండదు, మెడను ఎటు తిప్పితే అటు పోతుంది. కాబట్టి ఈ మాట మత్తు డాక్టర్‌తోపాటు ఈఎన్‌టీ డాక్టర్‌కు కూడా గుర్తుచేయండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

ఈ మధ్య పాప నడక మారిందా? మెట్లు ఎక్కే పిల్ల ఎక్కనంటోందా? తల ఒక పక్కకు వాల్చి పట్టుకుంటోందా, మెడ నొప్పి అంటోందా? పక్క తడపడం మానేసిన బిడ్డ మళ్ళీ తడుపుతోందా? చేతిలో వస్తువులు జారిపోతున్నాయా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆపరేషన్ మాట పక్కనపెట్టి ముందు మెడ చూపించాలి. ఇవేవీ లేని పిల్లలకు మెడ ఎక్స్‌రే తప్పనిసరి అని ఇప్పుడు చెప్పడం లేదు, ఎందుకంటే ఎక్స్‌రే బాగున్నా జాగ్రత్త పడాల్సిందే. అయినా మీ డాక్టర్ తీయించమంటే తీయించండి, దాని మీద తగువు పెట్టుకోవద్దు.

గొంతు సంగతి మా పని, మీకు తెలిసుంటే మంచిదని చెప్తున్నాను. ఈ పిల్లల్లో స్వరపేటిక కింద దారి సన్నగా ఉంటుంది. వయసు లెక్క ప్రకారం వచ్చే ట్యూబుకన్నా అర సైజో, ఒక సైజో చిన్నవి నేను పక్కన పెట్టుకుంటాను. బిగుతైన ట్యూబు తోస్తే లేచాక గొంతు వాచి, ఊపిరి పీల్చినప్పుడల్లా కీచుమని చప్పుడు వస్తుంది. ఇంకో విషయం, మాస్కుతో సెవోఫ్లూరేన్ గ్యాస్ మొదలుపెట్టిన కాసేపటికే డౌన్ పిల్లల్లో గుండె వేగం తగ్గిపోవడం తరచుగా చూస్తాం. గ్యాస్ తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. గుండె వేగం పెంచే అట్రోపిన్ మందును సిరంజిలో ఎక్కించి, పేరు రాసి, ట్రేలో చేతికందేలా ముందే పెట్టుకోవడం మా అలవాటు. చిట్టి చేతులు, కాస్త బొద్దుగా ఉంటారు కాబట్టి నరం దొరకడమూ కష్టమే. పాప రెండు చేతుల మీదా నాలుగైదు ప్లాస్టర్లు కనబడితే కంగారుపడకండి.

ఇప్పుడు ఆ బిస్కెట్.

ఆపడమే సరైన నిర్ణయం. మీరు దాచకుండా చెప్పడం అంతకన్నా మంచి పని. అలా అడిగినప్పుడు ‘ఏం పెట్టలేదు మేడం’ అనేసేవాళ్ళను రోజూ చూస్తాం. దూరం నుంచి వచ్చాం, బస్సు ఖర్చులు, కూలి పోయింది, మళ్ళీ ఎప్పుడు డేటిస్తారో అన్న భయం, అర్థం చేసుకోగలను. కానీ మత్తులో దగ్గు రాదు, గుటక పడదు. కడుపులో ఉన్నది వెనక్కి తన్నితే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బిస్కెట్ చిన్నదే, నమిలాక అది పుల్లటి ముద్ద అయి ఊపిరి గొట్టంలో పడితే చిన్నది కాదు. పైగా డౌన్ పిల్లల్లో తిన్నది పైకి రావడం మామూలుగానే ఎక్కువ.

లెక్క ఇలా పెట్టుకోండి. అన్నం, రొట్టె, బిస్కెట్, పళ్ళు, గేదె పాలు, డబ్బా పాలు, చాయ్ అయితే మత్తుకు 6 గంటల ముందే ఆపాలి. నూనె, మాంసం లాంటి బరువైన తిండికి 8 గంటలు. చనుబాలు తాగే పసివాళ్ళకు 4 గంటలు. మంచినీళ్ళు, గ్లూకోజ్ నీళ్ళు 2 గంటల ముందు వరకు ఇవ్వొచ్చు. ఇప్పుడు చాలా దేశాల్లో పిల్లలకు నీళ్ళు గంట ముందు వరకు కూడా ఇస్తున్నారు. పాలు తెల్లగా ఉన్నా, చాయ్ పల్చగా ఉన్నా నీళ్ళ లెక్కలోకి రావు. కడుపులో పాలు విరిగి గడ్డ కడతాయి, అందుకే అవి తిండి కిందే లెక్క.

నీళ్ళ గురించి నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మన ఆసుపత్రుల్లో ‘రాత్రి పది తర్వాత ఏమీ ఇవ్వొద్దు’ అని అందరికీ ఒకే మాట చెప్పేస్తారు. పాప నంబర్ మధ్యాహ్నం పన్నెండుకు వస్తే అప్పటిదాకా చుక్క నీళ్ళు లేకుండా ఏడుస్తూ ఉంటుంది. నాకు నచ్చని అలవాటు ఇది. పాపను లిస్టులో మొదటి కేసుగా పెట్టమని అడగండి, నీళ్ళు ఎన్ని గంటలవరకు ఇవ్వొచ్చో గడియారం టైం చెప్పించుకొని కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితాన్ని అత్తమ్మగారికి ముందురోజే చదివి వినిపించండి. పెదాలు నీలంగా ఉండే గుండె జబ్బు పిల్లలకైతే ఇది ఇంకా ముఖ్యం. వాళ్ళ రక్తం అసలే చిక్కగా ఉంటుంది, నీళ్ళు లేక మరింత చిక్కబడితే గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఆలస్యమయ్యేలా ఉంటే వాళ్ళకు సెలైన్ పెట్టించాలి.

జలుబు మీద ఒక మాట. డౌన్ పిల్లలకు ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. రోజూ ఉండే చీమిడికీ, కొత్తగా పట్టిన జలుబుకీ తేడా తల్లికి తెలిసినంతగా ఏ డాక్టర్‌కూ తెలియదు. జ్వరం, పచ్చటి చీమిడి, కళ్ళెతో దగ్గు, పిల్లికూతలు ఉంటే ఫోన్ చేసి చెప్పండి, రెండు నుంచి నాలుగు వారాలు ఆగుదాం. జలుబు చేసిన గొంతు మత్తులో పట్టేసే అవకాశం ఎక్కువ.

అత్తమ్మగారి అసలు భయం మెదడు గురించి. అది ఊరికే పుట్టిన భయం కాదు, ప్రపంచమంతా ఈ ప్రశ్న అడిగింది. 2016 డిసెంబర్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. మూడేళ్ళలోపు పిల్లలకు మూడు గంటలకు మించిన మత్తుగానీ, పదే పదే మత్తుగానీ ఇస్తే మెదడు ఎదుగుదల మీద ప్రభావం ఉండొచ్చని. అవసరమైన ఆపరేషన్లను ఈ కారణంతో ఆపొద్దని కూడా ఆ సంస్థే చెప్పింది. మరోవైపు 7 దేశాల్లో 722 మంది పసిపిల్లల మీద ‘గ్యాస్’ అనే పేరుతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. హెర్నియా ఆపరేషన్‌కు సగం మందికి మెలకువలోనే నడుము సూది, సగం మందికి సెవోఫ్లూరేన్ మత్తు ఇచ్చి, ఐదేళ్ళ వయసు వచ్చేదాకా గమనించారు. గంటలోపు మత్తు తీసుకున్న పిల్లల తెలివితేటల్లో తేడా కనబడలేదు. 2019లో ఆ ఫలితం వచ్చింది. ఆ అధ్యయనం డౌన్ పిల్లల మీద చేసింది కాదు, అది ఒప్పుకోవాలి. అయితే మీ పాపకు మూడేళ్ళు దాటి రెండేళ్ళయింది, టాన్సిల్స్ ఆపరేషన్ మామూలుగా గంట లోపల అయిపోయేది. గుండె ఆపరేషన్ అప్పుడు ఏడాదిన్నరకే గంటలకొద్దీ మత్తు ఇచ్చారు కదా, అప్పుడే ఏమైనా అయిందేమో అని మీకు మనసులో ముల్లు గుచ్చుకోవచ్చు. ఆ రంధ్రం అలాగే వదిలేసి ఉంటే ఇవాళ ఈ ఉత్తరం రాయాల్సిన అవసరమే ఉండేది కాదేమో తల్లీ.

ఎక్కడ చేయించాలి? ఎకోలో ఊపిరితిత్తుల ఒత్తిడి ఎక్కువుందని వచ్చినా, లీకు పెద్దదిగా ఉన్నా హైదరాబాద్ వెళ్ళండి. పిల్లల గుండె డాక్టర్, పిల్లల మత్తు అనుభవం ఉన్నవాళ్ళు, ఐసీయూ ఒకే చోట ఉండాలి. గుండె ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్తే పాత ఫైలూ దొరుకుతుంది. ఎకో బాగుంటే హనుమకొండ, వరంగల్‌లోనే పిల్లల ఐసీయూ ఉన్నచోట చేయించుకోవచ్చు, అంత దూరం పరుగెత్తక్కర్లేదు. కానీ ఏ ఆసుపత్రి అయినా సరే, ‘ఆపరేషన్ ఎవరు చేస్తారు’ అని అడిగినట్టే ‘మత్తు ఎవరిస్తారు’ అని అడగండి. మన ఊళ్ళల్లో చిన్న నర్సింగ్ హోములకు సొంత మత్తు డాక్టర్ ఉండరు. ఫోన్ చేస్తే మాలో ఒకరం వెళ్ళి, కేసు చేసి, ఇంకో నర్సింగ్ హోముకు బయలుదేరతాం. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అపెండిక్స్ తీయడానికి అలా సరిపోతుందేమోగానీ, మీ పాపకు సరిపోదు. మత్తు డాక్టర్ ముందురోజే పాపను చూడాలి. చిన్నపిల్లలకు తరచుగా మత్తు ఇచ్చే అనుభవం ఉండాలి. వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ చూపించే మానిటర్ ఉండాలి. రాత్రి ఒంటిగంటకు పాపకు ఊపిరి ఇబ్బందయితే ఎవరు వస్తారో పేరు చెప్పగలగాలి. ఈ ప్రశ్నలు అడిగితే చిరాకుపడే చోటు నుంచి మర్యాదగా లేచి వచ్చేయండి.

ఖర్చు సంగతికి, ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలైంది. ఈ ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో దాని కింద అవుతుందో అక్కడి ఆరోగ్యమిత్రను ముందే కనుక్కోండి. ఎకో, థైరాయిడ్ వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగి చూడండి. అంగన్‌వాడీలకు వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందం (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం వాళ్ళు) పుట్టుకతో వచ్చే లోపాలున్న పిల్లలను కూడా చూస్తుంది, వాళ్ళ ద్వారా వెళ్తే రెఫరల్ కాగితం సులువు.

ముందురోజు చూసినప్పుడు మీ డాక్టర్ ఇంట్లోవాళ్ళ గురించి చాలా అడుగుతారు. అన్నలు, తమ్ముళ్ళు, మేనమామలు ఎవరైనా మత్తులో ఇబ్బంది పడ్డారా, లేవడం ఆలస్యమైందా, కారణం తెలియకుండా పోయారా, మేనరికమా అని. కులం అడిగితే కొందరికి కోపం వస్తుంది. దానికో కారణం ఉంది. సక్సినైల్‌కోలిన్ అనే మందు కొన్ని నిమిషాలు కండరాలను సడలించి వదిలేస్తుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ పుట్టుకతోనే లేనివాళ్ళకు గంటలకొద్దీ కదలిక రాదు, అంతసేపూ వెంటిలేటర్ మీదే ఉండాలి. ఈ లోపం ఆర్యవైశ్య కుటుంబాల్లో ఎక్కువగా కనబడిందని వైద్య పత్రికల్లో వచ్చింది. ముందే తెలిస్తే వేరే మందు వాడతాం, అంతే సంగతి. ఆలస్యంగా నడిచి, నేల మీంచి లేవడానికి తొడల మీద చేతులు ఆనించుకునే మగపిల్లలున్న ఇళ్ళవాళ్ళు కూడా తప్పక చెప్పాలి. అది కండరాల జబ్బయితే అదే మందు గుండె ఆగేంత పని చేస్తుంది. ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు నుంచి ఈ శీర్షిక చదివేవాళ్ళు ఇంట్లో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉంటే ఆ మాట మొదటే చెప్పండి. ఆ పిల్లలకు చలి తగలకూడదు, నీళ్ళు తగ్గకూడదు, ఆక్సిజన్ తగ్గకూడదు. గ్రహణం మొర్రి ఉన్న బిడ్డకు కింది దవడ కూడా మరీ చిన్నదిగా ఉంటే ట్యూబు వేయడం కష్టం, అలాంటి కేసులు అలవాటున్న చోటికే తీసుకెళ్ళాలి. గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూసినందుకు మొర్రి రాలేదని ఆ తల్లికి ఎవరైనా చెప్పండి దయచేసి.

ఈలోపు పాపను సిద్ధం చేయడం మీ చేతిలో ఉంది. ఇంట్లో నెబ్యులైజర్ మాస్కు ఉంటే ఆటలా బొమ్మకు పెట్టించండి, మీరు పెట్టుకోండి, తర్వాత పాపకు పెట్టండి. రోజూ కాసేపు. ఈ పిల్లలు చూసి నేర్చుకోవడంలో గట్టివాళ్ళు, మాస్కు అలవాటైతే ఆ రోజు సగం ఏడుపు తగ్గుతుంది. నిద్ర పట్టేదాకా మిమ్మల్ని లోపల ఉండనిస్తారా అని అడగండి. కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. ఊగుతున్న పన్ను ఉంటే చెప్పండి. గుండెకు వాడే మందులు ఏవైనా ఉంటే ఆ రోజు పొద్దున వేయాలో మానాలో అడగండి.

లేచాక పాప మిమ్మల్ని గుర్తుపట్టనట్టు గట్టిగా ఏడ్చి, తన్ని, సెలైన్ పీకేయబోవచ్చు. సెవోఫ్లూరేన్ తర్వాత చిన్నపిల్లల్లో ఇది మామూలే. చాలామందికి అరగంటలోపు సర్దుకుంటుంది. ‘మందమైంది చూడు’ అని అప్పుడు ఎవరూ అనకుండా చూసుకోండి.

గురక కూడా ఆ రాత్రే మాయమవదు, గొంతు వాపు తగ్గడానికి కొన్ని రోజులు పడుతుంది. కొంతమంది డౌన్ పిల్లల్లో టాన్సిల్స్ తీసినా కొంత ఇబ్బంది మిగులుతుంది, కాబట్టి రెండు మూడు నెలల తర్వాత మళ్ళీ ఒకసారి నిద్రలో వీడియో తీసి చూపించండి. ఇంటికెళ్ళాక నొప్పికి డాక్టర్ బరువు చూసి రాసిన మందు తప్ప ఇంకేదీ వద్దు. ముఖ్యంగా కొడీన్ ఉన్న దగ్గు సిరప్, నిద్ర పట్టే సిరప్ ఎవరిచ్చినా వేయకండి, ఇలాంటి పిల్లల్లో అవి ఊపిరిని ఆపేసిన సందర్భాలున్నాయి.

టాన్సిల్స్ తీసినచోట రక్తం రావడం మొదటి రోజైనా జరగొచ్చు, ఐదు నుంచి పదో రోజు మధ్య పొక్కు ఊడేటప్పుడైనా జరగొచ్చు. పరకాల నుంచి హనుమకొండకు గంట దారి కదా, ఆ పది రోజులు హనుమకొండలో చుట్టాలెవరి ఇంట్లోనైనా ఉండగలిగితే ఉండండి. ఉమ్మిలో ఎర్రటి చార కనబడినా, నిద్రలో పాప పదే పదే గుటకలు వేస్తున్నా తెల్లారేదాకా ఆగొద్దు. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళొద్దు. 108 పిలిచి నేరుగా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే రండి, దారిలో నీళ్ళు కూడా పట్టకండి.